రంగు వేయని వీపు

నా ఉద్యోగం గాలిని చూస్తూ కూర్చోవడం. విన్నవాళ్లు నవ్వుతారు గానీ, దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారు. ఓ గాజు గొట్టంలో నల్లటి బొగ్గు గుళికలు నింపుతాను. కింది నుంచి ఫార్మాల్డిహైడ్ అనే, కళ్లు మండించే విషవాయువు కలిపిన గాలి పంపుతాను. పైనుంచి బయటికొచ్చే గాలిని మీటరు కొలుస్తుంది. మొదట సున్నా. గంట తర్వాత కూడా సున్నాయే. వచ్చినదాన్ని వచ్చినట్టే గుళికలు పట్టేసుకుంటాయి. ఆ తర్వాత ఎప్పుడో, భోజనమయ్యాక కళ్ల మీదికి మగత వచ్చినంత మెల్లగా, అంకె కదులుతుంది. లోపల ఇక చోటు లేదని అర్థం. ఆ సమయం రాసుకుని, గొట్టం ఖాళీ చేసి, కొత్త గుళికలు పోసి మళ్లీ కూర్చుంటాను. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఇలాంటి పనిలో ఉన్నవాడికి పగటికలలు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఒక చెంచాడు బొగ్గులో ఉన్న సందుల గోడలన్నీ విప్పి పరిస్తే ఓ ఆటస్థలం నిండుతుంది. అంత చోటు ఆ చెంచాలో ఎక్కడ ఇమిడిందా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ, కళ్లు తెరుచుకునే నేను ఆ సందుల్లోకి దిగిపోతాను. అదో ఊరు. వీధులే తప్ప పైన ఆకాశం లేదు. వీధిలోంచి సందు, సందులోంచి ఇంకా సన్నటి సందు, అటూ ఇటూ తలుపులు లేని గదులు. ఫార్మాల్డిహైడ్ అంటే చేతిలో సంచీ కూడా లేని బక్కపలచటి ప్రయాణికుడు. వస్తాడు, ఖాళీ అరుగు చూసుకుని కూలబడతాడు. నేను వాళ్ల మధ్య నడుస్తూ ఎవరెక్కడ కూర్చున్నారో చూసుకుంటూ పోతాను. ఎవరూ మాట్లాడరు. అక్కడ చాలా హాయిగా ఉంటుంది.

"పరధ్యానం! అంకె కదిలింది, చూసుకో!"

మా ల్యాబు పెద్ద మేడం గొంతు అది. నా అసలు పేరు ఆవిడ మర్చిపోయి చాలా ఏళ్లయింది.

మా దగ్గర గుళికలు రెండు రకాలు. ఒకటి ఉత్త బొగ్గు, రెండోది మందు పట్టించిన బొగ్గు. కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ తేడా ఇలా చెప్పేది: "ఉత్త బొగ్గు దగ్గరికి ఫార్మాల్డిహైడ్ చుట్టంలా వస్తుంది. కాసేపు కూర్చుంటుంది, కాస్త వేడి తగిలితే లేచి పోతుంది. మందు పట్టిన బొగ్గు దగ్గరికి మాత్రం ఇల్లరికపు అల్లుడిలా వస్తుంది. ఇక కదిలే ప్రసక్తే లేదు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమీ అనుకోకు" అనేది.

నేనేమీ అనుకునేవాణ్ణి కాదు, ఎందుకంటే నిజమే కాబట్టి. పెళ్లయిన నాటి నుంచీ మామయ్య ఇంట్లోనే ఉంటున్నాను. ఇల్లరికం అనే మాట ఆ ఇంట్లో ఒక్కనాడూ ఎవరి నోటా రాలేదు. మా ఆవిడ అనలేదు, మామయ్య అనలేదు. నేనే రోజుకోసారి అనుకునేవాణ్ణి.

మామయ్య వడ్రంగి. నలభై ఏళ్లు తలుపులు, మంచాలు, బీరువాలు చేసిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది. మణికట్లు పట్టు తప్పి, చిత్రిక పట్టబోతే చెయ్యి వణకడం మొదలయ్యాక పనిచోటు మూసేశాడు. ఆ తర్వాత ఏడాది పాటు ముందు గదిలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. కాఫీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. నా పగటికలలు నాకు ఇష్టం గానీ, ఆయన అలా కూర్చుంటే నాకు భయం వేసేది. ఆయన కూర్చున్న చోట ఏ ఊరూ లేదు.

మా ఆవిడకు నెల తప్పిందని చెప్పిన రోజు ఆయన కుర్చీలోంచి లేచాడు. వెనక గదిలోకి వెళ్లి, నడుముకు చేతులు పెట్టుకుని గోడలను పైనుంచి కిందికి చూశాడు. "దీనికి బీరువా కావాలి" అన్నాడు.

"ఉయ్యాల కావాలేమో నాన్నా?" అంది మా ఆవిడ.

"ఉయ్యాల ఏడాదికి మూలపడుతుంది. బీరువా దాని పెళ్లిదాకా ఉంటుంది."

నాలుగు నెలలు పట్టింది. అసలైన చెక్కను చిత్రిక పట్టే శక్తి చేతుల్లో లేదు. అందుకని సిగ్గుపడుతూనే పార్టికల్ బోర్డు తెప్పించాడు. "రంపపు పొట్టుకి జిగురు రాసి పలక అంటున్నారు, ఖర్మ" అని తిట్టుకుంటూనే కోశాడు. అయినా ఎంత అందంగా చేశాడంటే, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా తలుపులన్నీ ఒకే కాగితం మడతల్లా కలిశాయి. కింది వరసలో ఒక చిన్న అర, రెండేళ్ల పిల్ల చేతికి అందేంత ఎత్తులో. దానికి ఓ బుల్లి పిడి. చివరి మేకు కొట్టిన రోజు మామయ్య కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్లాడు. ఆయన గొంతులో రాగం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

కిటికీలు తెరవలేని చలికాలం అది. కొత్త బీరువా వాసన గదంతా నిండింది. మా ఆవిడ గుండెల నిండా పీల్చి, "కొత్త వాసన, భలే ఉంది కదండీ?" అంది. మామయ్య కూడా ముక్కు ఎగబీల్చి "ఆహా" అన్నాడు. నాకు మాత్రం కళ్ల చివర చిన్న మంట. ఆ మంట నాకు పదకొండేళ్ల పరిచయం.

మర్నాడు ల్యాబు నుంచి చేతిమీటరు తెచ్చి, ఇద్దరూ బజారుకెళ్లినప్పుడు వెనక గదిలో పెట్టాను. ఉండదగినది వందలోపు. రెండు వందల అరవై చూపించింది. మీటరు చెడిపోయిందేమో అని వంటింట్లోకి తీసుకెళ్లి చూశాను. ముప్పై. మీటరు బాగానే ఉంది.

చెప్పాలి. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. నెలలు నిండడానికి ఇంకా ఏడు వారాలు ఉన్నాయి. పుట్టేది రోజుకు ఇరవై గంటలు ఆ గదిలో పడుకుంటుంది, దాని ఊపిరితిత్తులు అప్పటికి నా బొటనవేలంత ఉంటాయేమో. కానీ చెప్పడమంటే ఎవరికి చెప్పాలి? కుర్చీలోంచి ఇప్పుడే లేచిన మనిషికి. మీరు పుట్టబోయే బిడ్డ కోసం చేసిన బీరువా దాని గాలిని పాడుచేస్తోంది అని చెప్పాలి. చెప్పేదెవరు, ఆయన ఇంట్లో, ఆయన చేసిన మంచం మీద పడుకునే అల్లుడు. రెండుసార్లు ఆయన దగ్గరికి వెళ్లి, రెండుసార్లూ "కాఫీ తాగుతారా మామయ్యా" అని అడిగి వచ్చాను. రెండోసారి ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

మా ఆవిడకు చెబుదామంటే, ఆవిడ కడుపులో మాట దాగదు. ఆ సమయంలో ఆవిడ కడుపులో దాగి ఉన్నది ఒక్కటే.

అందుకని దొంగపని మొదలుపెట్టాను. గుళికలు గుడ్డసంచుల్లో పోసి కుట్టి తెచ్చాను, మొత్తం పద్నాలుగు. మామయ్య బీరువాకీ గోడకీ మధ్య ఎప్పుడూ నాలుగు వేళ్ల ఖాళీ వదులుతాడు, అది ఆయన పద్ధతి. ఆ సందులో వరసగా దింపాను. మందు పట్టించిన గుళికలే తెచ్చి ఉండాల్సింది. కానీ వాటికి మొదట్లో నాలుగు రోజులు పచ్చి చేప వాసన ఉంటుంది, మా ఆవిడ పసిగట్టేస్తుంది. వాసన లేనిది ఉత్త బొగ్గు. చుట్టం రకం. దొరక్కూడదన్న ఒక్క కారణంతో అదే తెచ్చాను. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనులన్నీ ఎవరికీ తెలియకూడదని చేసినవే.

అంకె దిగింది. నూట ఎనభై. నూట నలభై. మూడో వారానికి తొంభై ఆరు. ఇంట్లో వాళ్లు బయటికెళ్లినప్పుడల్లా నేను ఆ గది నేల మీద కూర్చుని మీటరు చూస్తూ కలగనేవాణ్ణి. బీరువా వెనక పద్నాలుగు ఊళ్లు. ఒక్కో ఊరిలో లక్షల వీధులు. బీరువాలోంచి ఆ బక్క ప్రయాణికులు బారులు తీరి నడిచొచ్చి, చప్పుడు లేకుండా అరుగుల మీద సర్దుకుంటున్నారు. మెల్లగా, మెల్లగా, తోసుకోకండి, అందరికీ చోటుంది అని నేను చెబుతూ ఉండేవాణ్ణి. అలా కలగంటూ ఒక్క సంగతి మర్చిపోయాను. చుట్టాలు ఎప్పుడు లేచి పోతారో పదకొండేళ్లుగా నా చేత్తో నేనే రాస్తున్నాను.

ఆ శుక్రవారం నాకు ఒంటిపూట పని. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి దగ్గు వినిపించింది. అది మామూలు దగ్గు కాదు, ఆగకుండా తెరలు తెరలుగా వచ్చే దగ్గు. వెనక గదిలోకి పరుగెత్తాను.

తలుపు తీయగానే నా కళ్లలోనూ గొంతులోనూ ఒకేసారి కారం కొట్టినట్టయింది. మా ఆవిడ ఉతికిన పిల్లబట్టలు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడి ఉంది. ముఖమంతా ఎర్రబడింది. మామయ్య ఆమె వీపు రాస్తూ, "కొత్త బట్టల దుమ్ము, నీళ్లు తాగితే పోతుంది" అంటున్నాడు. ఆయన కళ్ల వెంటా ధారగా నీళ్లు కారుతున్నాయి. కిటికీ కింద గోడ పొడవునా, గదిని వెచ్చబెట్టడానికి వేసిన వేడినీళ్ల పైపుల మీద నా పద్నాలుగు సంచులూ వరసగా పేర్చి ఉన్నాయి. సంచికీ సంచికీ మధ్య ఓ పుల్ల, గాలి ఆడేందుకు. పచ్చి చెక్కను ఆయన ఎలా ఆరబెట్టేవాడో అచ్చం అలాగే. వేడి బయటికి పోకుండా తలుపు కింద గుడ్డ కూడా కుక్కాడు.

ముందు మా ఆవిడను లేపి ముందు గదిలో కూర్చోబెట్టాను. వెనక్కి వచ్చి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, సంచులు ఒక్కొక్కటే పెరట్లోకి విసిరేశాను. జేబులోంచి తీసి చూస్తే మీటరు తొమ్మిది వందల నలభై చూపిస్తోంది.

"నీకేమైనా పిచ్చా?" అని మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "చలిగాలి కొడుతోంది, బీరువా పాడవుతుంది. అయినా ఆ సంచులు ఎందుకు విసిరేస్తావయ్యా? తేమ తగలకుండా నా బీరువాకి నువ్వు పెట్టినవే కదా. ఎంత జాగ్రత్త అనుకున్నాను. పొద్దుట్నుంచీ దానికి అదే చెబుతున్నాను, మీ ఆయనకి నా పని మీద ఇంత ప్రేముందని నాకు తెలీదే అని. తడిసిపోయుంటాయని ఆరబెట్టాను. తప్పా?"

అంత మంచి మాటలు ఆయన నన్ను అన్నది ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆయన ముఖంలోకి చూశాను. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. ముక్కు మాత్రం నిశ్చింతగా ఉంది. ఎవరైనా ముక్కుకి చెయ్యడ్డం పెట్టుకోవాల్సిన గది అది.

"మామయ్యా," అన్నాను, "మీకు వాసన రావట్లేదా?"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. కిటికీ వైపు చూశాడు, బీరువా వైపు చూశాడు. "ఏ వాసన?" అన్నాడు చాలా మెల్లగా.

గుమ్మం దగ్గర మా ఆవిడ. కూర్చోమంటే కూర్చుందా. "ఎప్పట్నుంచి నాన్నా?"

"పదహారేళ్లయింది" అన్నాడు మామయ్య. జిగురు, వార్నీషు, మూసిన షెడ్డు. ముందు వార్నీషు వాసన పోయిందట, తర్వాత చెక్క, తర్వాత అన్నీ.

"మరి నేను వండినప్పుడల్లా ఘుమఘుమలాడిపోతోంది అంటావు కదా? పాలు మాడినరోజు కూడా అన్నావు. అమ్మ బతికుండగా తనూ నేనూ ఎంత నవ్వుకున్నాం!"

"మీరు నవ్వారని తెలుసు. ఎందుకు నవ్వారో తెలీలేదు."

మామయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేవారు. ఆ ముక్కు మీద అది తప్ప ఇంకేమీ మిగల్లేదని ఎవరికీ తెలియదు. మా ఆవిడ ఏడ్చింది. నేను టాక్సీ పిలిచాను.

డాక్టరమ్మ పొట్ట మీద యంత్రం పెట్టింది. గదిలో గుర్రం పరిగెత్తినట్టు చిన్న గుండె చప్పుడు వినిపించింది. పర్వాలేదంది. గాలి బాగున్న చోట ఉండమంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాక ఇక దాచడం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చి ఇద్దరికీ అంతా చెప్పేశాను. రెండు వందల అరవై నుంచి, కాఫీ తాగుతారా అని అడిగిన రెండుసార్ల దాకా అన్నీ చెప్పాను. మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అవి నాకే దక్కాల్సినవి.

మామయ్య తిట్టలేదు. "ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని మాత్రం అడిగాడు.

మీటరు పట్టుకుని ఆయన వెంట వెనక గదిలోకి వెళ్లాను. తలుపుల ముందు పెడితే అంకె మామూలుగానే ఉంది. ఆయన నున్నగా లామినేట్ అతికించిన చోటల్లా బుద్ధిగా ఉంది. బీరువా వెనక సందులోకి చెయ్యి చాపి పెట్టగానే ఎగబాకింది. వెనకవైపు మొత్తం పచ్చి పలక. దానికి రంగు లేదు, లామినేట్ లేదు, ఏ పూతా లేదు.

"వీపుకి రంగు వెయ్యకూడదు" అన్నాడు మామయ్య, నేను అడక్కుండానే. "నాకు పని నేర్పినాయన ఉలి చేతికివ్వకముందే ఆ మాట చెప్పాడు. ముందువైపు నువ్వు ఎంత సింగారించినా, వీపు వదిలెయ్యాలి. గోడకి ఆనించకూడదు. చెక్క ఊపిరి పీల్చుకోవాలి. నలభై ఏళ్లలో ఒక్క బీరువా వీపు కూడా నేను మూయలేదు."

"ఇది చెక్క కాదు మామయ్యా. జిగురు. ఇది పీల్చుకోదు. వదులుతుంది."

ఆయన బీరువా పక్కకి చెంప ఆనించి ఆ చీకటి సందులోకి చాలాసేపు చూశాడు. తర్వాత ముందు గదిలోకెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, గోడ వైపు తిరిగి.

శనివారం కుర్చీలోంచి కదల్లేదు. ఆదివారం కదల్లేదు. నేను ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. ఏ మాట చెప్పడానికి భయపడి మూడు వారాలు దొంగలా తిరిగానో, ఆ మాటే చెప్పి ఆయన్ని మళ్లీ ఆ కుర్చీలోకి తోశాను. పెరట్లో నా సంచులు చలిగాలికి పడి ఉన్నాయి. వాటిలోంచి ఎవరెవరో లేచి, బట్టలు దులుపుకుని, ఎటు వెళ్లాలో తెలియక గాలిలోకి నడిచిపోతున్నట్టు కనిపించేది. ఈసారి ఆ కలలో హాయి లేదు.

సోమవారం పొద్దున్నే స్క్రూలు తిరుగుతున్న చప్పుడు. బీరువా పగలగొట్టేస్తున్నాడనుకుని పరిగెత్తాను. తలుపులన్నీ ఊడదీసి గోడకు చేరేసి ఉన్నాయి. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని, వణికే చేత్తో స్క్రూ తీస్తున్నాడు.

"మీటరు పట్రా" అన్నాడు తల తిప్పకుండా. "ఏ పలక ఎంత వదులుతోందో ఒక్కొక్కటీ చెప్పు. నాకు ముక్కు లేదు, నీ దగ్గర ఉంది."

ఆ రోజు ల్యాబుకెళ్లి మేడంకి కూడా అంతా చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, "పరధ్యానం! వేడి చేస్తే వదిలేస్తుందని ఈ పుస్తకాల నిండా రాసిందెవరు? మీ తాతా?" అంది. తర్వాత తాళం తీసి, మందు పట్టించిన గుళికల డబ్బా నా ముందు పెట్టి, పది రోజులు సెలవు రాసిచ్చింది. "ఇంటికెళ్లి ఇల్లరికం సరిగ్గా చెయ్యి" అంది.

పది రోజులూ మామయ్యా నేనూ పని చేశాం. పలకలన్నీ పెరట్లో పరిచాం. వీపులకు, లోపలి వాయువు బయటికి రాకుండా మూసే, నీళ్లలో కలిసే సీలర్ రెండు పూతలు వేశాం. అంచులు, అరల అడుగులు, తలుపు బందులు కూర్చునే గుంటలు, ఆఖరికి స్క్రూ కన్నాలు కూడా వదల్లేదు. వెడల్పు పనులు ఆయనవి, సన్నటి కన్నాలు నావి, ఎందుకంటే సన్నటి పనికి ఆయన చెయ్యి నిలవదు. "ఇంత సేపా ఒక్క కన్నానికి? నిద్రపోతున్నావా?" అని అరిచేవాడు. నిజానికి నిద్రపోతూనే ఉండేవాణ్ణి, కళ్లు తెరుచుకుని.

ఓ మధ్యాహ్నం ఎండలో కూర్చున్నప్పుడు, ఆఖరుగా గుర్తున్న వాసన ఏదని అడిగాను. ఆయన వెంటనే చెప్పాడు. చిత్రిక పడుతుంటే బ్లేడు మీద చుట్ట చుట్టుకుని లేచే మొదటి పొట్టు. "రెండోదానికి అంత ఉండదు. మొదటిదానికే ఉంటుంది. అది ముక్కు దగ్గర పెట్టుకుంటే రోజంతా తిండి అక్కర్లేదు నాకు. ఇప్పుడు కలలో కూడా రాదు, పొట్టు కనిపిస్తుంది గానీ వాసన రాదు." అలా అని మళ్లీ కుంచె అందుకున్నాడు.

బీరువా తిరిగి నిలబడింది. వెనక సందులో నాలుగు వేళ్ల ఖాళీ అలాగే ఉంచాడు. అందులో ఈసారి ఇల్లరికం సంచులు దింపాం, అందరికీ చెప్పి, అందరి ఎదుటా. నాలుగు రోజులు గదంతా చేపల బజారులా కంపు కొట్టింది. మా ఆవిడ ముక్కు మూసుకుని తిరిగింది, మామయ్య ఒక్కడే దర్జాగా అందులో కూర్చుని పేపరు చదివాడు. పగలు ఎండ ఉన్నంతసేపు కిటికీ తెరిచేవాళ్లం. రోజూ సాయంత్రం ఆయన "ఎంత?" అని అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి. నూట పది. ఎనభై ఎనిమిది. డెబ్బై. చెప్పినప్పుడల్లా ఆయన చేతి వేళ్లు బీరువా అంచు మీద ఓసారి దరువు వేసేవి.

పాప తొమ్మిది రోజులు ముందే వచ్చేసింది. ఇంటికి తెచ్చిన రోజు మామయ్య వెనక గది గుమ్మానికి అడ్డంగా నిలబడి, పాపను కాకుండా నన్ను చూశాడు.

"ఎంత?"

"యాభై నాలుగు."

తల ఊపి దారిచ్చాడు.

పక్కింటివాళ్లు వచ్చారు, మా ఆవిడ స్నేహితులు వచ్చారు. వచ్చినవాళ్లంతా వంగి పాప మాడు మీద ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "అబ్బ, ఈ వాసన!" అన్నారు. ఒకావిడ రెండోసారి కూడా వచ్చి వాసన చూసి వెళ్లింది. మామయ్య అందరినీ చూస్తూ గోడకానుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్లాక, మా ఆవిడ కళ్లు మూతలు పడ్డాక, వచ్చి పాపను రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. చేతులు వణకలేదు. తల వంచి మాడు మీద ముక్కు ఆనించి, ఛాతీ నిండేదాకా గాలి పీల్చాడు. వదిలాడు. మళ్లీ పీల్చాడు. ముఖంలో ఏమీ కదల్లేదు.

పాతరోజుల్లోనైతే ఘుమఘుమ అనేసేవాడు. ఇప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"చెప్పు" అన్నాడు.

నా దగ్గర ఓ అబద్ధం సిద్ధంగా ఉంది. ఎంత మంచి అబద్ధమో. చిత్రిక బ్లేడు మీద లేచే మొదటి పొట్టులా ఉంది మామయ్యా అనొచ్చు. అంటే ఆయన జీవితాంతం దాన్నే మనవరాలి వాసన అనుకుని బతుకుతాడు. నాకు అబద్ధాలు ఎంత తేలిగ్గా వస్తాయో ఈపాటికి మీకూ తెలుసు. ఆయన చేతుల మీదికి వంగి పాప తల వాసన చూశాను. నిజంగా చూశాను, గొట్టం పైన మీటరు చూసినంత జాగ్రత్తగా.

"పాలు," అన్నాను. "కాస్త పులిసిన పాలు. దాని కింద ఎండలో ఆరిన గుడ్డ. ఇంకా కింద ఏదో ఉంది మామయ్యా, అదేమిటో నాకు తెలీదు. ఇంతకుముందు ఎక్కడా తగల్లేదు. దేనిలాగా ఉందో చెప్పడానికి ఏదీ దొరకట్లేదు."

"పొట్టులా లేదా?"

"లేదు."

ఆయన కాసేపు పాపను చూశాడు. "పొట్టులా ఉందని చెబుతావనుకున్నాను. చెప్పుంటే, ఇక ఎప్పుడూ నిన్ను అడిగేవాణ్ణి కాదు." పాప నోరు తెరిచి చిన్నగా ఆవలించింది. ఆయన వంగి ఆ ఆవలింతలోకి కూడా ముక్కు పెట్టాడు. "రేపు మళ్లీ చెప్పు. ఆ కిందిది ఏమిటో కనుక్కో."

మామయ్య కళ్లలోంచి నీళ్లు కారి పాప గుడ్డ మీద పడ్డాయి.

"దుమ్ము" అన్నాడు.

అలవాటు కొద్దీ మీటరు వైపు చూశాను. యాభై నాలుగే ఉంది.